లాగ్‌లో పైనున్న లైను ముందు జరిగినట్టేనా?

లాగ్ ఫైలు, అంటే సర్వర్‌లో జరిగిన పనులు ఒక్కో లైనుగా నమోదయ్యే ఫైలు, తెరిచినవాళ్లంతా పైనుంచి కిందికే చదువుతారు. పై లైను ముందు జరిగింది, కింది లైను ఆ తర్వాత జరిగింది అన్న నమ్మకంతోనే చదువుతారు. సర్వర్ పడిపోయి, బ్రిడ్జ్ కాల్‌లో మేనేజర్లు నిమిషానికోసారి "ఏమైంది?" అని అడుగుతుంటే ఇంకోలా చదివే తీరిక ఎవరికుంటుంది? కానీ ఆ నమ్మకానికి ఆధారమేమిటంటే మాత్రం జవాబు దొరకదు. చాలా ఏళ్లుగా లాగ్ సర్వర్లు నడుపుతున్నాను కాబట్టి నా అభిప్రాయం గట్టిగానే చెప్తాను. ఫైలులో లైన్లు పడ్డ వరుస వేరు, పనులు జరిగిన వరుస వేరు. ఆ రెండూ ఒకటే అయ్యేలా చూడమని మధ్యలో ఉన్న సాఫ్ట్‌వేర్ నెత్తిన భారం వేయడం తప్పు. వరుస కావాలనుకుంటే మెసేజ్ పుట్టినచోటే దానికి నంబరు పడాలి. నంబరు వేయకుండా పంపించేసి, దారిలో ఎవరూ అటూఇటూ చేయకుండా ఉంటే బాగుండునని కూర్చునే పద్ధతి మనం మానుకోవాలి.

వరుస తప్పడానికి క్లస్టర్లూ నెట్‌వర్కులూ ఉండాల్సిన పని లేదు. సీ భాషలో నాలుగు లైన్ల ప్రోగ్రాం రాయండి. ముందు స్టాండర్డ్ అవుట్‌పుట్‌కి (మామూలు మాటలు వెళ్లే దారి) "ఫైలు తెరుస్తున్నాను" అని, వెంటనే స్టాండర్డ్ ఎర్రర్‌కి (తప్పుల కబుర్లు వెళ్లే దారి) "ఫైలు దొరకలేదు" అని రాయించండి. టెర్మినల్‌లో నడిపితే రెండూ రాసిన వరుసలోనే కనిపిస్తాయి. ఇప్పుడు రెండిటినీ ఒకే ఫైలులోకి మళ్లించి నడపండి. "ఫైలు దొరకలేదు" పైకొచ్చి కూర్చుంటుంది, "ఫైలు తెరుస్తున్నాను" దాని కింద పడుతుంది. టెర్మినల్ మీదైతే స్టాండర్డ్ అవుట్‌పుట్ ఏ లైనుకా లైను బయటికి వదిలేస్తుంది. ఫైలైతే బఫర్ (రాసినదాన్ని కాసేపు పోగుచేసే చోటు) నిండేదాకానో, ప్రోగ్రాం ముగిసేదాకానో లోపలే పట్టి ఉంచుతుంది. స్టాండర్డ్ ఎర్రర్‌కి బఫరే ఉండదు. ఒకే ప్రాసెస్, ఒకే థ్రెడ్, ఒకే ఫైలు. అయినా వరుస తారుమారైంది. కంటెయినర్లలో (ప్రోగ్రాములను విడివిడి పెట్టెల్లో నడిపే పద్ధతి) ఈ రెండూ రెండు వేర్వేరు పైపులు, కంటెయినర్లు నడిపే డాకర్ వాటిని విడివిడిగా చదువుతుంది. అక్కడ బఫర్ తీసేసినా రెండు పైపుల మధ్య వరుసకి హామీ లేదు.

వెబ్ సర్వర్ల సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. అపాచీ యాక్సెస్ లాగ్‌లో లైను పడేది రిక్వెస్ట్ పూర్తయ్యాకే. కానీ ఆ లైనులో మామూలుగా ఉండే టైము రిక్వెస్ట్ మొదలైన క్షణానిది. ఎన్‌జిన్ఎక్స్ అలా కాదు, లాగ్ రాస్తున్న క్షణం టైము వేస్తుంది. ముందు ఎన్‌జిన్ఎక్స్, దాని వెనక అపాచీ పెట్టుకున్న చోట్లు మన దగ్గర బోలెడు. ఎవరో పెద్ద రిపోర్టు అడిగారు, అపాచీ దాన్ని తయారుచేయడానికి నలభై సెకన్లు పట్టిందనుకుందాం. అపాచీ లైనులో 10:15:00 ఉంటుంది, ఎన్‌జిన్ఎక్స్ లైనులో 10:15:40 ఉంటుంది. రెండు గడియారాలూ సరిగ్గా ఉన్నాయి, రెండు సాఫ్ట్‌వేర్లూ తమ పని సరిగ్గా చేశాయి. రెంటినీ ఒక డ్యాష్‌బోర్డులో టైము ప్రకారం పేర్చారంటే మాత్రం, ఎదుటి గుమ్మం దాటకముందే మనిషి నలభై సెకన్లపాటు వంటింట్లో ఉన్నట్టు కనిపిస్తుంది. అపాచీ 2.4లో మొదలైన టైమూ ముగిసిన టైమూ రెండూ విడివిడిగా వేసుకోవచ్చు. ఆ వెసులుబాటును వాడుకున్న కాన్ఫిగరేషన్లు నేను చూసినవి చాలా తక్కువ.

ఇక లాగ్‌లను మోసుకెళ్లే సాఫ్ట్‌వేర్ దగ్గరికి వద్దాం. అసలు గొడవంతా అక్కడే.

ఒక క్లయింట్ దగ్గర, అర్ధరాత్రి దాటాక, సెక్యూరిటీ టీమ్ నుంచి కాల్ వచ్చింది. ఒక డేటాబేస్ సర్వర్ మీద రూట్ (సర్వాధికారాలున్న యూజర్) సెషన్ తెరిచి ఉంది, ఇంకా మూయలేదు అని వాళ్ల టూల్ ఎర్ర అలర్ట్ ఇచ్చింది. సర్వర్‌లో చూస్తే ఎవరూ లేరు. మా టీమ్ కుర్రాడు సెంట్రల్ లాగ్ తెరిచి చూసి, "అన్నా, వీడు బయటికెళ్లిపోయాక లోపలికెలా వచ్చాడు?" అన్నాడు. నిజమే. దూరం నుంచి వచ్చే లాగిన్‌లు చూసుకునే ఎస్‌ఎస్‌హెచ్‌డీ అనే ప్రోగ్రాం వేసిన రెండు లైన్లున్నాయి. రెండిటిదీ ఒకే ప్రాసెస్ నంబరు, ఒకే సెకను. పైది "రూట్ సెషన్ మూసుకుంది". కిందది "రూట్ సెషన్ తెరుచుకుంది". అలర్ట్ ఇచ్చిన టూల్ కూడా అదే వరుసలో చదివింది. మూసిన లైను వచ్చినప్పుడు తెరిచిన సెషనేదీ లేదు కాబట్టి దాన్ని వదిలేసింది, ఆ తర్వాత తెరిచిన లైను చూసి ఇంకా తెరిచే ఉందని లెక్కేసింది. కాల్‌లో ఒకాయన లాగ్‌లను ఎవరో దిద్దారని గట్టిగా అనుమానపడ్డారు. ఆ అనుమానం మీదే చాలా సేపు గడిచిపోయింది. చివరికి ఆ సర్వర్‌లోనే ఉన్న జర్నల్ (ఆ మిషన్ సొంత లాగ్) తీసి చూస్తే విషయం తేలింది. బ్యాకప్ స్క్రిప్ట్ ఒకటి లాగిన్ అయ్యి, ఒక కమాండ్ నడిపి, సెకను తిరక్కుండానే బయటికొచ్చేసింది. అక్కడ తెరిచిన లైను ముందు, మూసిన లైను తర్వాత, బుద్ధిగా ఉన్నాయి. సెంట్రల్ సర్వర్‌లో లాగ్‌లు అందుకుని రాసే సాఫ్ట్‌వేర్ ఆర్‌సిస్‌లాగ్. దానికి నాలుగు వర్కర్ థ్రెడ్లు, అంటే ఒకేసారి పనిచేసే నాలుగు చేతులు, పెట్టి ఉన్నాయి. రాత్రి బ్యాకప్‌లన్నీ ఒకేసారి మొదలై లోడు పెరిగింది. వరుస అక్కడ తప్పింది.

అది ఎలా తప్పుతుందో తెలియాలంటే సంక్రాంతికి హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లినవాళ్లు పంతంగి టోల్‌ప్లాజాను గుర్తు చేసుకుంటే చాలు. మన వెనకున్న కారు పక్క లేన్‌లోకి దూరి మనకంటే ముందు బయటపడుతుంది. ఎవరూ రూల్ తప్పలేదు. లేన్లు ఎక్కువుంటే గేటు అవతల వరుస మారుతుంది, అంతే. లేన్ ఒక్కటే పెడితే వరుస మారదు, కానీ క్యూ చౌటుప్పల్ దాకా ఉంటుంది.

ఆర్‌సిస్‌లాగ్‌లో వచ్చిన మెసేజ్ ముందు మెయిన్ క్యూలో పడుతుంది. అందులోంచి వర్కర్ థ్రెడ్లు తీసుకుని, ఫిల్టర్లు చూసి, ఫైలుకో, ఇంకో సర్వర్‌కో, డేటాబేస్‌కో పంపుతాయి. థ్రెడ్ ఒక్కో మెసేజే తీసుకుంటే ప్రతిసారీ క్యూకి తాళం వేసి తీయాలి. ఎన్ని థ్రెడ్లు పెడితే తాళం కోసం అంత తోపులాట. అందుకే ఒకేసారి ఒక బ్యాచ్ తీసుకుంటాయి. 2004లో ఈ ప్రాజెక్టు మొదలుపెట్టిన రైనర్ గెర్హార్డ్స్, 2010 లినక్స్ కాంగ్రెస్ అనే సదస్సులో సెకనుకు 40 వేల మెసేజ్‌ల నుంచి 2.5 లక్షలకు ఎలా చేరామో వివరించారు. బ్యాచ్‌లూ, తాళాలు తగ్గించుకోవడమూ ఆ కథలో ముఖ్యమైన భాగం.

ఇప్పుడు రెండు వర్కర్లున్నాయి, బ్యాచ్‌కి వంద మెసేజ్‌లు అనుకుందాం. మొదటి వర్కర్ 1 నుంచి 100 దాకా, రెండోది 101 నుంచి 200 దాకా తీసుకున్నాయి. రెండూ ఒకేసారి పని మొదలుపెట్టాయి. మొదటిది తన 1వ మెసేజ్ రాస్తున్నప్పుడే రెండోది 101వది రాసేస్తోంది. 100వ మెసేజ్ వంతు రావాలంటే దాని ముందున్న 99 అవ్వాలి. అంటే పక్కపక్కన పుట్టిన 100, 101 మెసేజ్‌లలో 101 దాదాపు ప్రతిసారీ ముందు బయటపడుతుంది, అదీ ఒక బ్యాచ్ అంత దూరంలో. "అరుదుగా ఎప్పుడో వరుస తప్పుతుందిలెండి" అని తేలిగ్గా అనేవాళ్లు ఈ లెక్క ఒక్కసారి వేసుకోవాలి. బ్యాచ్ లోపల వరుస చెడదు, రెండు బ్యాచ్‌లు కలిసే అంచు దగ్గర కచ్చితంగా చెడుతుంది. మన "తెరిచింది", "మూసింది" జంట ఆ అంచుకి చెరోవైపు పడిందంటే తారుమారైనట్టే.

వర్కర్ల సంఖ్య ఒకటికి తగ్గించినా అన్ని దారులూ మూసుకుపోవు. యూడీపీ (అందిందో లేదో చూసుకోకుండా పంపేసే పద్ధతి) మీద వచ్చే ప్యాకెట్లు దారిలోనే ముందూవెనకా కావచ్చు. గమ్యం సర్వర్ పడిపోయి మెమరీ క్యూ నిండితే మెసేజ్‌లు డిస్కు మీదికి పోతాయి. గమ్యం మళ్లీ లేచాక డిస్కులోని పాతవీ, మెమరీలోని కొత్తవీ కలిసి బయల్దేరితే కొత్తవి ముందు చేరొచ్చు. ఒక పంపకం విఫలమై మళ్లీ ప్రయత్నించే లోపు దాని వెనకది వెళ్లిపోవచ్చు.

సరే, అయితే ఒకే థ్రెడ్ పెట్టి, ఏదైనా ఆగితే అన్నిటినీ ఆపేద్దాం అంటారు కొందరు. ఈ మాట అనేవాళ్ల ఉద్దేశం మంచిదే. వరుస ముఖ్యమని వాళ్లకి తెలుసు. కానీ దాని ఖరీదు ఎవరు కడతారో కూడా చూడాలి. లినక్స్‌లో ప్రోగ్రాములు సిస్‌లాగ్ కాల్‌తో మెసేజ్ పంపేది ఒక యూనిక్స్ సాకెట్‌లోకి, అంటే అదే మిషన్‌లో రెండు ప్రోగ్రాముల మధ్య ఉండే గొట్టంలోకి. అవతల చదివేవాడు ఆగిపోతే సాకెట్ నిండుతుంది. నిండాక ఆ కాల్ తిరిగి రాదు, ప్రోగ్రాం అక్కడే నిలబడిపోతుంది. దూరంగా ఉన్న లాగ్ సర్వర్ చచ్చిపోయినందుకు ఇక్కడ ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ ఆగిపోవడం, సుడో (రూట్ అధికారంతో కమాండ్ నడిపేది) ఆగిపోవడం లాగ్ సర్వర్లు నడిపేవాళ్లకి బాగా తెలిసిన జబ్బే. క్యూలూ థ్రెడ్లూ వచ్చింది ఆ జబ్బుకి మందుగానే. లైన్ల వరుస చెక్కుచెదరకూడదని బ్యాంకు లావాదేవీలు ఆపుకోవడం ఎవరికీ సమ్మతం కాదు, కాకూడదు కూడా. కాబట్టి సమాంతరంగా నడవడం తప్పని నేను అనడం లేదు. అది కావాల్సిందే.

ఇంకో వర్గం ఉంది, నా వాదన ముఖ్యంగా వాళ్లతోనే. "వరుస ఎలా పోతే ఏంటి, ప్రతి మెసేజ్‌లో టైమ్‌స్టాంప్ ఉందిగా, దాన్ని బట్టి పేర్చుకుంటే సరి" అంటారు. మీటింగుల్లో ఈ ఒక్క మాటతో చర్చ ముగిసిపోవడం చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది. ఎందుకంటే ఇది సగమే నిజం, మిగతా సగం చాలా ప్రమాదకరం.

ముందు టైమ్‌స్టాంప్‌లో ఏముందో చూద్దాం. ఎరిక్ ఆల్‌మన్ 1980లలో సెండ్‌మెయిల్ అనే మెయిల్ సాఫ్ట్‌వేర్ కోసం సిస్‌లాగ్ రాసినప్పటి పద్ధతినే 2001లో ఆర్ఎఫ్‌సీ 3164 (ఆర్ఎఫ్‌సీ అంటే ఇంటర్నెట్ పద్ధతులు రాసిపెట్టే పత్రం) గా రాసిపెట్టారు. ఆ రూపంలో నెల, తేదీ, గంట, నిమిషం, సెకను ఉంటాయి. సంవత్సరం లేదు, టైమ్ జోన్ లేదు, సెకనులో భాగాలు లేవు. ఈ రోజుకీ రకరకాల ఫైర్‌వాళ్లూ, స్విచ్‌లూ, నిల్వ పరికరాలూ ఈ రూపంలోనే పంపుతున్నాయి. ఒక సెకనులో వందల లైన్లు వచ్చేచోట ఇది దేన్ని బట్టి పేర్చాలి? టైమ్ జోన్ లేకపోవడం మనకి ప్రత్యేకమైన తలనొప్పి. సర్వర్లన్నీ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) పెట్టుకుని, ఫైర్‌వాల్ ఒక్కటి ఐఎస్‌టీలో (మన భారత సమయం) ఉంటే, దాని లైన్లు ఐదున్నర గంటలు భవిష్యత్తులోకి పోయి కూర్చుంటాయి. "గత పదిహేను నిమిషాలు" అని వెతికితే అవి దొరకవు.

2009లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 5424 వీటిలో చాలా వాటిని సరిచేసింది. సంవత్సరం ఉంది, జోన్ ఉంది, మైక్రోసెకన్ల దాకా వేయొచ్చు. గడియారం సరిచేసి ఉందో లేదో, జోన్ తెలుసో లేదో చెప్పే టైమ్‌క్వాలిటీ అనే భాగం కూడా ఉంది. నేను దీన్ని ఇష్టంగా వాడతాను. కానీ మైక్రోసెకన్లు ముద్రించినంత మాత్రాన గడియారం మైక్రోసెకన్ల దాకా నిజం చెప్తున్నట్టు కాదు. నెట్‌వర్క్ మీద గడియారాలు సరిచేసే మామూలు ఎన్‌టీపీతో రెండు మిషన్ల మధ్య తేడా మిల్లీసెకన్లలో ఉంటుంది. ఆ లోపు జరిగిన రెండు పనుల్లో ఏది ముందో ఆ అంకెలు తేల్చలేవు. అదీకాక మిషన్ గడియారం వెనక్కి కూడా జరుగుతుంది. 2016 డిసెంబరు 31న యూటీసీలో ఒక లీప్ సెకను (భూభ్రమణంతో సరిపెట్టడానికి వేసే అదనపు సెకను) కలిపారు. మనకి అది 2017 జనవరి 1 ఉదయం ఐదున్నర. ఆ క్షణంలో గడియారం వెనక్కి జరిగి, రెండు టైముల తేడా రుణసంఖ్యగా రావడంతో క్లౌడ్‌ఫ్లేర్ కంపెనీ డీఎన్ఎస్ సర్వర్లలో (సైట్ల పేర్లకు అడ్రసులు చెప్పేవి) కొన్ని పడిపోయాయి. టైము ముందుకే పోతుందని ఆ ప్రోగ్రాం నమ్మింది. టైమ్‌స్టాంప్ మీద లైన్లు పేర్చేవాళ్ల నమ్మకమూ సరిగ్గా అదే.

లాగ్‌లను దాచి వెతికిపెట్టే ఎలాస్టిక్‌సెర్చ్‌లో పెట్టుకున్నాం, అదే పేరుస్తుందంటారా? దాని మామూలు డేట్ టైపు మిల్లీసెకను దాకానే దాస్తుంది. నానోసెకన్ల టైపు 2019లో 7.0తో వచ్చింది గానీ దాన్ని విడిగా పెట్టుకోవాలి. ఒకే మిల్లీసెకను ఉన్న లైన్లు ఏ వరుసలో వస్తాయన్నది ఇండెక్స్ లోపలి సంగతి, మనం నమ్ముకోదగ్గది కాదు. ఎలాస్టిక్‌సెర్చ్‌కి తెరలాంటి కిబానాలో అలాంటి టై తెంచడానికి ఏ ఫీల్డు వాడాలో చెప్పే సెట్టింగు ఉంది. ఫైళ్లలోంచి లైన్లు చదివి పంపే ఫైల్‌బీట్ ప్రతి లైనుకీ అది ఫైలులో ఏ బైటు దగ్గర మొదలైందో నమోదు చేస్తుంది. ఒకే ఫైలు నుంచి వచ్చిన లైన్లను టైము, ఆపై ఈ ఆఫ్‌సెట్ ప్రకారం పేరిస్తే అసలు వరుస తిరిగి వస్తుంది. ఉచితంగా చేతిలో ఉన్న ఈ వసతిని డిస్కు ఆదా పేరుతో మొదట తీసిపారేసే టీమ్‌లను చూశాను. దయచేసి తీయకండి.

చూడండి, ఆఫ్‌సెట్ చేసిన పని టైము చేయలేకపోయింది. ఆఫ్‌సెట్ అంటే ఒక రకంగా నంబరే. నేను మొదటినుంచీ అంటున్నది ఇదే.

కంప్యూటర్ శాస్త్రవేత్త లెస్లీ లాంపోర్ట్ 1978లోనే తన పేపర్లో ఈ విషయం మూలాలు తేల్చేశారు. ఒకే ప్రాసెస్‌లో ఒకదాని తర్వాత ఒకటి జరిగినవాటికి వరుస ఉంది. ఒకరు పంపిన మెసేజ్‌ను ఇంకొకరు అందుకుంటే పంపడం ముందు, అందుకోవడం తర్వాత. ఈ రెండు రకాలుగానూ ముడిపడని సంఘటనల మధ్య ముందు, వెనక అన్న ప్రశ్నే లేదు. లాగ్‌లకి దీన్ని అన్వయిస్తే చాలా భారం దిగిపోతుంది. వరంగల్ బ్రాంచిలోని స్విచ్ వేసిన లైనూ, విశాఖలోని సర్వర్ వేసిన లైనూ ఏది పైనుండాలన్నది అనవసరమైన బాధ. వాటి మధ్య వరుస కోసం థ్రెడ్లు తగ్గించుకోవడం వృథా. కానీ ఒకే ఎస్‌ఎస్‌హెచ్‌డీ ప్రాసెస్ వేసిన రెండు లైన్ల మధ్య వరుస నిజం. అది పోతే సమాచారం పోయినట్టే. పోగొట్టే హక్కు మధ్యలో ఉన్న ఏ సాఫ్ట్‌వేర్‌కీ లేదు.

అలా నంబరు వేసే పద్ధతి కొత్తదేమీ కాదు. లినక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) తన మెసేజ్‌లకి సీక్వెన్స్ నంబరు వేస్తుంది. లినక్స్‌లో ఎవరేం చేశారో నమోదు చేసే ఆడిట్ లాగ్ చూడండి. ప్రతి రికార్డులో టైము పక్కన కోలన్ పెట్టి ఒక సీరియల్ నంబరు ఉంటుంది. ఒక్క సిస్టమ్ కాల్‌కి నాలుగైదు రికార్డులు పడతాయి, అన్నిటికీ అదే సీరియల్. మధ్యలో వేరే సంఘటన రికార్డులు చొరబడినా ఏయూసెర్చ్ అనే వెతికే కమాండ్ ఆ నంబరు పట్టుకుని మళ్లీ కలుపుతుంది. ఆడిట్ రాసినవాళ్లు లైన్లు కలిసిపోతాయని ముందే ఒప్పుకుని దానికి తగ్గట్టు రూపం ఇచ్చారు. ఆ నిజాయితీ నాకు ఎంతో నచ్చుతుంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో లాగ్ లైన్ ప్రిఫిక్స్‌కి (ప్రతి లైను మొదట్లో వేసే భాగం) సెషన్ ఐడీ, ఆ సెషన్‌లో ఇది ఎన్నో లైను అన్న నంబరు రెండూ కలుపుకోవచ్చు. జావా ప్రోగ్రాములు లాగ్ రాయడానికి వాడే లాగ్‌ఫోర్‌జే 2లో ప్యాటర్న్‌కి సీక్వెన్స్ నంబరు కలిపే సదుపాయం ఉంది. సిస్టమ్‌డీ జర్నల్‌లో ఎంట్రీల సీక్వెన్స్ నంబరు 2023లో వచ్చిన 254వ వెర్షన్ నుంచి బయటికి కూడా కనిపిస్తోంది. ఆర్ఎఫ్‌సీ 5424లో మెటా అనే భాగంలో సీక్వెన్స్ ఐడీ ఉంది. 1 నుంచి మొదలై 2147483647 దాకా పోయి మళ్లీ 1కి వస్తుంది. పదిహేనేళ్లు దాటింది ఆ ప్రమాణం వచ్చి. ఎంతమంది వెండార్ల పరికరాలు దాన్ని నింపుతున్నాయో మీ దగ్గర వచ్చే మెసేజ్‌లు తీసి చూసుకోండి.

నంబరుతో ఇంకో లాభం ఉంది, నా దృష్టిలో వరుసకంటే అది పెద్దది. 41, 42, 44 వచ్చాయంటే 43 పోయిందని తెలుస్తుంది. లాగ్‌లు పోవడం రోజూ జరిగేదే. యూడీపీలో పోతాయి, రేట్ లిమిట్ తగిలి పోతాయి, రీస్టార్ట్‌లో పోతాయి. టైమ్‌స్టాంప్ చూసి పోయినదాన్ని కనిపెట్టడం కుదరదు, ఆ క్షణంలో ఏమీ జరగలేదేమో అనిపిస్తుంది. విచారణలో "ఇక్కడ లైను లేదు కాబట్టి ఆ పని జరగలేదు" అని చెప్పే ధైర్యం నంబరు ఉంటేనే వస్తుంది. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం మన దేశంలో సంస్థలు తమ గడియారాలను ఎన్ఐసీ లేదా ఎన్‌పీఎల్ ఎన్‌టీపీ సర్వర్లతో గానీ, వాటిని అనుసరించే సర్వర్లతో గానీ కలపాలి, లాగ్‌లను 180 రోజులు దాచాలి. మంచి ఆదేశాలు. కానీ ఆ రెండూ తు.చ. తప్పకుండా పాటించినా, ఒకే సెకనులోని రెండు లైన్లలో ఏది ముందో, మధ్యలో ఏదైనా పోయిందో చెప్పలేని లాగ్‌లు 180 రోజులు భద్రంగా ఉంటాయి. ఆ ఖాళీ పూడ్చుకోవాల్సింది మనమే.

కాఫ్కా అనుభవం కూడా ఇదే చెప్తోంది. కాఫ్కా అంటే మెసేజ్‌లను దాచి, అడిగినవాళ్లకి అందించే సాఫ్ట్‌వేర్. అందులో వరుస ఒక పార్టిషన్ (మెసేజ్‌లను పంచి దాచే ఒక భాగం) లోపలే ఉంటుందని వాడేవాళ్లందరికీ తెలుసు. అయితే ఒకప్పుడు ఆ పార్టిషన్ లోపల కూడా చెడేది. ప్రొడ్యూసర్ (మెసేజ్‌లు పంపే ప్రోగ్రాం) జవాబు కోసం ఆగకుండా రెండు బ్యాచ్‌లు పంపుతుంది, మొదటిది విఫలమవుతుంది, రెండోది చేరుతుంది, మొదటిదాన్ని మళ్లీ పంపితే అది వెనక పడుతుంది. తప్పించుకోవాలంటే ఒకసారి ఒక బ్యాచే పంపాలి, వేగం పడిపోతుంది. 2017లో 0.11 వెర్షన్‌తో ఐడెంపొటెంట్ ప్రొడ్యూసర్ (ఒకే బ్యాచ్‌ను మళ్లీ పంపినా ఒకసారే నమోదయ్యేలా చూసేది) వచ్చింది. ప్రొడ్యూసర్‌కి ఒక ఐడీ, ప్రతి బ్యాచ్‌కి సీక్వెన్స్ నంబరు ఇచ్చారు. మధ్యలోది రాకుండా తర్వాతది వస్తే బ్రోకర్ (కాఫ్కా సర్వర్) ఒప్పుకోదు. అదే ఏడాది వచ్చిన 1.0 నుంచి ఐదు బ్యాచ్‌ల దాకా దారిలో ఉన్నా వరుస చెడదు. వేగం తగ్గించుకోకుండానే పని జరిగింది, నంబరు వల్ల. దీనికి రెండో వైపు లోకీ అనే లాగ్‌లు దాచే సాఫ్ట్‌వేర్ ఉంది. ఒక స్ట్రీమ్‌లో పాత టైముతో లైను వస్తే అది తిప్పికొట్టేది. వరుసగా పంపాల్సిన బాధ్యత పంపేవాళ్లదే అంది. పంపేవాళ్ల వల్ల కాలేదు. 2021లో 2.4 నుంచి వరుస తప్పినవాటినీ తీసుకుంటోంది.

అందుకని థ్రెడ్లు పెంచేవాళ్లకి నా సూచన, మూలాన్ని బట్టి పంచండి. ఒక హోస్ట్‌వి అన్నీ ఒకే వర్కర్‌కి, ఒకే పార్టిషన్‌కి వెళ్లాలి. ఆర్‌సిస్‌లాగ్ లాంటిదే అయిన సిస్‌లాగ్-ఎన్‌జీ చాలాకాలం ఒక టీసీపీ కనెక్షన్‌ను (పంపినవి వరుసగా అందేలా చూసే నెట్‌వర్క్ పద్ధతి) ఒకే థ్రెడ్‌తో నడిపింది. కనెక్షన్లు ఎక్కువుంటే అన్ని కోర్లూ పనిచేస్తాయి, ఒక్కో కనెక్షన్‌లో వరుసా నిలబడుతుంది. నాకు ఎప్పటికీ నచ్చే డిజైన్ అది. దాని బలహీనత కూడా దాచను. సగం ట్రాఫిక్ ఒక్క ఫైర్‌వాల్ నుంచే వస్తే ఆ ఒక్క థ్రెడ్ కూలబడుతుంది, మిగతావి ఖాళీగా ఉంటాయి. అలాంటివాళ్ల కోసమే 2023లో ఒకే కనెక్షన్‌లోని మెసేజ్‌లను కూడా పలు థ్రెడ్లకి పంచే సదుపాయం తెచ్చారు. అది వాడితే వరుస మారొచ్చని చెప్పే ఇచ్చారు. ఫైర్‌వాల్ ట్రాఫిక్ లైన్లకి అది పర్వాలేదు, అక్కడ మనం లెక్కపెట్టేదే ఎక్కువ. లాగిన్ లైన్లకి వాడొద్దు.

జావా స్టాక్ ట్రేస్‌లకి (ప్రోగ్రాం ఎక్కడ తప్పిందో చూపే లైన్ల దొంతర) అసలే వాడొద్దు. ఒక ఎక్సెప్షన్‌కి ముప్పై లైన్లు వస్తాయి, వేటికీ సొంత టైము ఉండదు, మొదటి లైనుకి తప్ప. వాటిని ముప్పై మెసేజ్‌లుగా విడగొట్టి నాలుగు థ్రెడ్లలోకి వదిలితే తిరిగి అతికే దారే లేదు. రెండు ఎక్సెప్షన్లు ఒకేసారి వచ్చాయంటే ఏ లైను దేనిదో దేవుడికే తెలియాలి. మూలం దగ్గరే, అక్కడి లాగ్‌లు పంపే ఏజెంట్ ప్రోగ్రాంలోనే, ఒక్క మెసేజ్‌గా కలిపి పంపండి. ఇంకా మంచిది, అప్లికేషనే జేసన్ రూపంలో ఒక్క లైనుగా రాయాలి. ఈ ఒక్క విషయంలో డెవలపర్లతో ఎంత గొడవ పడాల్సి వచ్చినా పడండి.

మీ దగ్గర వరుస నిలబడుతోందో లేదో తేల్చుకోవడానికి గంట పట్టదు. ఒకటి నుంచి పది లక్షల దాకా అంకెలున్న ఫైలు చేసి లాగర్ కమాండ్‌కి ఇవ్వండి, టీసీపీ మీద, ఒకే కనెక్షన్‌లో. అవతల పడిన ఫైలులో ముందు లైనుకంటే చిన్న అంకె ఎక్కడైనా వచ్చిందేమో వెతకండి. ముందు ఒక వర్కర్‌తో, తర్వాత నాలుగింటితో. ఒక్క జాగ్రత్త. ఆర్‌సిస్‌లాగ్‌లో రెండో వర్కర్ ఊరికే మేల్కోదు, క్యూలో నిర్ణీత సంఖ్య దాటి మెసేజ్‌లు పేరుకున్నాకే లేస్తుంది. ఆ సంఖ్య కూడా సెట్టింగే. కాబట్టి టెస్ట్ సర్వర్ మీద నిదానంగా పంపి, ఒక్క అంకె కూడా తప్పలేదని రిపోర్టు రాయకండి. గమ్యాన్ని కావాలనే కాసేపు ఆపి, క్యూ నిండనిచ్చి, అప్పుడు వదిలి చూడండి.